ఆగిందా, ఆపారా? నిలకడ మాటల వాడుకపై ఒక విన్నపం

సంపాదకుల వారికి నమస్కారం.

కదలిక లేకపోవడాన్నీ మార్పు లేకపోవడాన్నీ చెప్పే మాటలను మన పత్రికలు వాడుతున్న తీరు గురించి, మీ పత్రిక నగర పుటలను శ్రద్ధగా చదివే పాఠకుడిగా ఈ లేఖ రాస్తున్నాను. గట్టి వాన పడితే రాకపోకలు స్తంభించాయని రాస్తారు. బిల్లులు అందక గుత్తేదారు వెళ్లిపోతే వంతెన పనులు స్తంభించాయని రాస్తారు. సభ్యులు పోడియాన్ని చుట్టుముడితే శాసనసభ స్తంభించిందని, ఇళ్ల అమ్మకాలు తగ్గితే స్థిరాస్తి రంగం స్తంభించిందని రాస్తారు. ఇవి నాలుగు వేర్వేరు సంగతులు. మొదటిది నీరు తీసిన కొన్ని గంటలకు సర్దుకుంటుంది. రెండోది ఎవరో ఒకరు డబ్బు చెల్లిస్తే తప్ప కదలదు. మూడోది ఒక పక్షం తెలిసి చేసిన పని. నాలుగోది ఆగనేలేదు, నెమ్మదించింది. ఒకే మాటతో నాలుగింటినీ చెప్పినప్పుడు పాఠకుడికి అందవలసిన సమాచారంలో సగం, అంటే ఎవరు ఆపారు, ఎందుకు ఆపారు, మళ్లీ ఎప్పుడు కదులుతుంది అన్నది, ఆ మాట దగ్గరే మిగిలిపోతోంది.

ఈ తేడాలు చెప్పడానికి తెలుగుకు కొత్త మాటలేవీ అవసరం లేదు, ఉన్నవి చాలు. ఆగు, ఆపు అనే క్రియల జంటనే చూడండి. నిలుచు, నిలుపు అలాంటిదే. అణగు, అణచు కూడా అలాంటిదే. జంటలో మొదటి మాట పని దానంతట అది జరిగినట్టు చెబుతుంది, రెండోది జరిపించినవారిని వెంట తెస్తుంది. ‘పనులు ఆగాయి’ అన్న వాక్యంలో కర్త పనులే కనుక అక్కడ అడగడానికి మనిషి కనిపించడు. ‘పనులు ఆపారు’ అని రాయగానే ఎవరు అన్న ప్రశ్న పాఠకుడిలో లేస్తుంది, దానికి జవాబు వెతకవలసిన బాధ్యత విలేకరి మీద పడుతుంది. వీటికి చేరే సహాయక క్రియలు కూడా అర్థాన్ని మారుస్తాయి. ‘ఆగిపోయాయి’, ‘నిలిచిపోయాయి’ అన్నప్పుడు చివరి ‘పోవు’ అది ఎవరి చేతుల్లోనూ లేని నష్టమన్న ధ్వనినిస్తుంది. ‘నిలిపివేశారు’లోని ‘వేయు’ అది నిర్ణయం తీసుకుని ముగించిన పని అని చెబుతుంది. నిధుల విడుదలను ఒక శాఖ ఆపిందని వార్తలో నాలుగో పేరాలో రాసి, శీర్షికలో మాత్రం ‘నిలిచిపోయిన పనులు’ అని పెట్టడం నాకు ఎప్పుడూ బాధ కలిగిస్తుంది. వార్త లోపల ఉన్న మనిషిని శీర్షిక దాచేస్తోంది, చాలామంది పాఠకులు శీర్షిక దాటి వెళ్లరు.

జనం నోట పుట్టిన నుడికారాలను కూడా మీ విలేకరులు ఎంచి వాడవచ్చు. ఒకప్పుడు బాగా నడిచి ఇప్పుడు నడవని సేవకు ‘పడకేసింది’ అన్న మాట సరిపోతుంది, పారిశుద్ధ్యం పడకేసిందని అనడం అందుకే అతుకుతుంది. కొని వాడకుండా వదిలేసిన యంత్రానికి ‘మూలనపడింది’ తగినది. ఒక హామీనో దస్త్రాన్నో కావాలని కనుమరుగు చేస్తే ‘అటకెక్కించారు’ అనాలి, ఎందుకంటే అటక మీదికి ఏ వస్తువూ తనంతట తాను ఎక్కదు. ఎన్ని సమావేశాలు జరిగినా సమస్య అంగుళం కదలకపోతే ‘ఎక్కడ వేసిన గొంగళి అక్కడే’ అన్న సామెత ఉంది. వీటిని అలంకారాలుగా చల్లితే ప్రయోజనం లేదు. ఏది ఎక్కడ నప్పుతుందో చూసి వాడితే ఒక్కొక్కటి ఒక నివేదికకు సరిపడా సంగతి చెబుతుంది.

ఈ అజాగ్రత్త వల్ల ఎక్కువ నష్టం జరిగేది కోర్టు వార్తల్లో. హైదరాబాద్‌లో భూమి, చెరువు శిఖం, ఇంటి అనుమతి వంటి వివాదాలు తగలని కాలనీ అరుదు. ఉత్తర్వు అమలును నిలుపుదల చేయడం ఒకటి, యథాతథ స్థితిని కొనసాగించమనడం మరొకటి, విచారణను వాయిదా వేయడం ఇంకొకటి, ఉత్తర్వును కొట్టివేయడం పూర్తిగా వేరు. కూల్చివేత నోటీసు అమలును న్యాయస్థానం నిలిపితే అధికారులు ఆగాలి. నోటీసు మాత్రం బతికే ఉంటుంది. యథాతథ స్థితి అంటే ఆ రోజుకు స్థలం ఎలా ఉందో ఇరుపక్షాలూ అలాగే ఉంచాలి, అధికారులు కూల్చకూడదు, యజమాని కొత్తగా గోడ లేపకూడదు. ఒక ఉత్తర్వు అమలును ఆపడానికీ దాన్ని రద్దు చేయడానికీ ఉన్న తేడాను సుప్రీంకోర్టు 1992లో శ్రీ చాముండీ మోపెడ్స్ కేసులో స్పష్టంగా చెప్పింది. నిలుపుదల చేసిన ఉత్తర్వు అమలులో ఉండదే తప్ప తుడిచిపెట్టుకుపోదు. ‘కూల్చివేతలకు బ్రేక్’ అన్న శీర్షిక చదివిన కుటుంబం ఈ తేడా తెలియక, తమ ఇల్లు నిలిచినట్టేనని ధైర్యం తెచ్చుకుని అప్పు చేసి పై అంతస్తు మొదలుపెడితే, ఆ తర్వాత జరిగేదానికి ఆ అరకొర శీర్షిక కూడా కొంత కారణమవుతుంది.

ఎంతకాలం ఆపారన్నది కూడా అంతే ముఖ్యం. మధ్యంతర నిలుపుదల ఆదేశాలను కారణాలు చూపి పొడిగించకపోతే ఆరు నెలలకు వాటంతట అవే ముగిసిపోతాయని 2018లో సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. 2024 ఫిబ్రవరి 29న అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం ఆ నియమాన్ని తోసిపుచ్చింది. అంటే ఇప్పుడు ఒక నిలుపుదల కేవలం ఆరు నెలలు దాటినందువల్ల పడిపోదు. ఈ మార్పు తెలియని కక్షిదారులు ఇంకా ఆరు నెలల లెక్కే వేసుకుంటున్నారు. ఇటువంటి వార్తల్లో ‘తదుపరి ఉత్తర్వుల వరకు’, ‘ఫలానా తేదీ వరకు’ అన్న మాటలు స్థలాభావం పేరుతో ఎగిరిపోకూడదు. ‘వాయిదా’ అన్న మాట ఉర్దూ నుంచి మనకు వచ్చింది, అక్కడ దాని అసలు అర్థం మాట ఇవ్వడం. విచారణ వాయిదా పడిందని మాత్రమే రాసి తర్వాతి తేదీ రాయకపోతే ఆ మాటలో ఇచ్చిన మాట పోతుంది.

నేను చాలాకాలం తెలుగు మాధ్యమంలో భౌతికశాస్త్రం బోధించాను. కదలకపోవడం, స్థిరంగా ఉండడం ఒకటేనని విద్యార్థులు అనుకోవడం మాకు ఎప్పుడూ ఎదురయ్యే చిక్కు. బోర్లించిన గిన్నె మీద గోళీని జాగ్రత్తగా నిలబెట్టవచ్చు. అది కదలదు, అయినా చిన్న గాలికి దొర్లిపోతుంది. అదే గోళీ వెల్లకిలా పెట్టిన గిన్నెలో ఉంటే ఎంత కదిపినా ఊగి ఊగి అడుగుకే చేరుతుంది. మొదటిది నిశ్చలమే గాని అస్థిరం, రెండోది ఊగుతున్నా స్థిరం. పాఠ్యపుస్తకాలు వీటిని అస్థిర సమతాస్థితి, స్థిర సమతాస్థితి అంటాయి. కదిపితే తిరిగి తన చోటికి వస్తుందా రాదా అన్నదే స్థిరత్వానికి కొలత.

ఆసుపత్రి వార్తల్లో ‘ఆరోగ్యం నిలకడగా ఉంది’ అని చదివినప్పుడు నాకు ఆ గోళీయే గుర్తుకొస్తుంది. వైద్యులు ఆ మాట అన్నప్పుడు నాడి, రక్తపోటు, శ్వాస, ఉష్ణోగ్రత వంటివి ప్రస్తుతానికి ఎగుడుదిగుళ్లు లేకుండా ఉన్నాయని అర్థం. ఆ అంకెలు వెంటిలేటర్ మీద, మందుల మీద నిలబడి ఉండవచ్చు. ఇంట్లో పత్రిక పట్టుకున్న బంధువులు మాత్రం దాన్ని ప్రమాదం తప్పిందన్న కబురుగా చదువుతారు. ‘పరిస్థితి విషమం, అయితే నిలకడగా ఉంది’ అన్న వాక్యం వారికి మరీ అయోమయం. ‘పరిస్థితి ఇంకా విషమంగానే ఉంది, నిన్నటితో పోలిస్తే మరింత దిగజారలేదు’ అని రాస్తే వాక్యం కొంచెం పొడుగవుతుంది, కాని దూరాన ఉన్న కొడుకు ఈ రాత్రే బయలుదేరాలా, రేపు రావచ్చా అన్నది తేల్చుకోగలుగుతాడు.

ఇదే శాస్త్రం నుంచి తీసుకుని తలకిందులుగా వాడుతున్న మాట ‘జడత్వం’. పని చేయని కార్యాలయాల గురించి ‘అధికారుల జడత్వం’ అని రాస్తుంటారు. 1687లో న్యూటన్ ప్రకటించిన మొదటి నియమం నిలిచిన వస్తువు నిలిచే ఉంటుందని మాత్రమే చెప్పదు. బయటి బలం పనిచేయనంత వరకు కదులుతున్న వస్తువు అదే వేగంతో అదే దిశలో కదులుతూనే ఉంటుందని కూడా చెబుతుంది. జడత్వమంటే ఉన్న స్థితి మారడానికి ఇష్టపడని గుణం, ఆ స్థితి పరుగైనా సరే. కాలం చెల్లిన దరఖాస్తు పత్రాన్ని, ఇప్పుడు ఎవరికీ అవసరం లేని సంతకాన్ని ఒక కార్యాలయం ఎంతో హడావుడిగా అడుగుతూనే ఉంటే, జడత్వమన్న మాట అక్కడ సరిగ్గా నప్పుతుంది. చేయవలసిన పని తెలిసి చేయకపోతే అది నిర్లక్ష్యం, ఆలస్యంగా చేస్తే అలసత్వం, పట్టించుకోకపోతే ఉదాసీనత, చేసే అధికారమే లేకపోతే నిస్సహాయత. ఈ నాలుగింటిలో తప్పు పాలు ఒకేలా ఉండదు. ఏ అధికారిని ఏ మాటతో అంటున్నామో తెలిసి అనాలి.

ఆర్థిక పుటలు ఒక విషయంలో అభినందనీయం. రిజర్వు బ్యాంకు వడ్డీ రేటు గురించి వాడే ‘యథాతథం’ చక్కని మాట, ఎట్లా ఉన్నదో అట్లాగే అని అర్థం. 2023 ఫిబ్రవరిలో 6.50 శాతానికి చేరిన రెపో రేటు (రిజర్వు బ్యాంకు ఇతర బ్యాంకులకు ఇచ్చే అప్పు మీది వడ్డీ), 2025 ఫిబ్రవరిలో 6.25 శాతానికి తగ్గించేదాకా మారలేదు. ఆ రెండేళ్లూ శీర్షికలు ఇంచుమించు ఒకేలా వచ్చాయి. కాని మార్చకపోవడం కూడా ఓటు వేసి తీసుకున్న నిర్ణయమే. 2024 జూన్, ఆగస్టు సమావేశాల్లో రిజర్వు బ్యాంకు ద్రవ్య విధాన కమిటీలోని ఆరుగురు సభ్యుల్లో నలుగురు యథాతథంగా ఉంచాలన్నారు, ఇద్దరు తగ్గించాలన్నారు. ‘యథాతథంగా ఉంది’ అనడానికీ ‘4–2తో యథాతథంగా ఉంచారు’ అనడానికీ మధ్య ఉన్న తేడాలో గృహరుణం వాయిదాలు కట్టే పాఠకుడి రాబోయే ఏడాది దాగి ఉంది. మాంద్యం, మందగమనం, స్తబ్ధత అన్న మూడింటినీ కూడా కలిపి వాడకూడదు. మందగమనంలో పెరుగుదల ఉంటుంది, వేగమే తగ్గుతుంది. స్తబ్ధతలో పెరుగుదల దాదాపు ఉండదు. మాంద్యంలో ఉన్నది తగ్గుతుంది.

నిలవడం మంచిదా చెడ్డదా అన్నది ఏది ఎక్కడ నిలిచిందన్న దాన్ని బట్టి ఉంటుందని ఈ నగరానికి తెలిసినంతగా మరో ఊరికి తెలియదేమో. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరాన్ని ముంచెత్తింది. మరుసటి ఏడాది మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని సలహాదారుగా పిలిపించారు. పై నుంచి వచ్చే వరదను నిలిపి ఉంచే జలాశయాలు కట్టాలన్న ఆలోచన ఫలించి 1920లో మూసీ మీద ఉస్మాన్‌సాగర్, 1927లో దాని ఉపనది ఈసీ మీద హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. ఉస్మాన్‌సాగర్‌లో పూర్తిస్థాయి నీటిమట్టం 1,790 అడుగులు, హిమాయత్‌సాగర్‌లో 1,763.5 అడుగులు అని ప్రతి వానాకాలం మీరు ప్రచురించే అంకెలు ఈ నిల్వకు సంబంధించినవే. అదే నీరు అండర్‌పాస్‌లో నిలిస్తే ప్రాణాలు తీస్తుంది. అందువల్ల నీటి వార్తల్లో నిల్వ, నిలవడం, నిలిచిపోవడం అన్న మూడు మాటలను వేరు చేసి వాడితే బాగుంటుంది. దాచుకున్నది నిల్వ. పారవలసిన దారి ఉండీ కాసేపు ఆగినది నిలిచిన నీరు. దారి పూడ్చినందువల్ల కదలలేనిది నిలిచిపోయిన నీరు, నిజానికి అది నిలిపివేసిన నీరు, ఎందుకంటే నాలా మీద కట్టడం ఎవరో ఒకరు కట్టినదే.

వర్ణక్రమం గురించి కూడా చెప్పాలి, అది కూడా అర్థానికి సంబంధించినదే. స్థిరం, స్థానం, స్థితి, స్థావరం, సంస్థ, ప్రతిష్ఠ ఇవన్నీ నిలబడడమన్న అర్థం గల ‘స్థా’ ధాతువు నుంచి వచ్చాయి. స్తంభం, స్తంభించు, స్తబ్ధత, ప్రతిష్టంభన మాత్రం ‘స్తంభ్’ అనే వేరే ధాతువు నుంచి వచ్చాయి. దానికి బిగుసుకుపోవడం, అడ్డుపడడం అన్న అర్థాలున్నాయి. ఈ రెండు కుటుంబాలను కలిపేయడం వల్లే ‘స్థంభించింది’, ‘ప్రతిష్ఠంభన’ అన్న తప్పు రూపాలు అచ్చవుతున్నాయి. మొదటి కుటుంబం తన కాళ్ల మీద నిలబడినదాన్ని చెబుతుంది, రెండోది అడ్డు తగిలి బిగుసుకున్నదాన్ని. చర్చల్లో ఏర్పడేది ప్రతిష్టంభన, సమాజంలో సంపాదించుకునేది ప్రతిష్ఠ. ‘యథాతథం’ను చుక్క తేడాతో ‘యధాతధం’ అని రాయడం మరో అలవాటైన పొరపాటు.

అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా మనకు వచ్చిన మాటల్లోనూ ఇలాంటి బంధుత్వం ఉంది. ఖాయం, మకాం రెండూ అక్కడ నిలబడడమన్న ఒకే ధాతువు నుంచి పుట్టినవి, మన స్థిరం, స్థానం లాగే. ప్రయాణంలో ఆగే చోటుకు మజిలీ, పెళ్లివారు దిగే చోటుకు విడిది, రాత్రి ఉండే చోటుకు బస అని వేరువేరుగా చెప్పుకున్న జాతి మనది.

మారనిదని పేరు పెట్టుకున్నవాటి చరిత్ర కూడా ఆసక్తికరమైనది. సంస్కృత నిఘంటువైన అమరకోశం భూమికి చెప్పిన పేర్లలో అచల, స్థిర అన్నవి ఉన్నాయి. కొండను అచలమనీ, నగమనీ అన్నారు, పోనిది అని అర్థం. 499లో ఆర్యభటుడు భూమి తన చుట్టూ తాను తిరుగుతోందని చెబుతూ, పడవలో ముందుకు పోతున్నవాడికి ఒడ్డున కదలనివి వెనక్కి పోతున్నట్టు కనబడే విధంగానే, కదలని నక్షత్రాలు పడమటికి పోతున్నట్టు మనకు కనబడుతున్నాయన్నాడు. భూమికి ఉన్న ‘అచల’ అన్న విశేషణాన్ని ఆయన నక్షత్రాలకు ఇచ్చాడు. బ్రహ్మగుప్తుడి వంటి పెద్ద గణితజ్ఞుడు దాన్ని ఒప్పుకోలేదు. కదలని నక్షత్రమని మనం చెప్పుకునే ధ్రువం స్థానమూ శాశ్వతం కాదు. సూర్యచంద్రుల ఆకర్షణ వల్ల భూమి అక్షం సుమారు 26,000 ఏళ్లకు ఒక చుట్టు తిరుగుతుంది, ఆ క్రమంలో ఉత్తర ధ్రువానికి గుర్తుగా నిలిచే నక్షత్రం మారుతూ వస్తుంది. ఇంత చెప్పడం ఎందుకంటే, ‘శాశ్వత పరిష్కారం’ అన్న మాటను మన పత్రికలు మరీ సులువుగా ఇచ్చేస్తున్నాయి. ఒక కూడలికి పైవంతెన మంజూరైతే ట్రాఫిక్‌కు శాశ్వత పరిష్కారమని రాస్తారు. ఎన్నేళ్ల రద్దీని లెక్కలోకి తీసుకుని దాన్ని రూపొందించారో రాస్తే చాలు.

చివరగా, ఈ ప్రాంతపు మాటల గురించి. ‘నిమ్మళం’, ‘కుదురు’, ‘బందు’, ‘పైలం’ వంటి మాటలు తెలంగాణ ఇళ్లలో రోజూ వినబడతాయి. నిమ్మళంలో ఆగడంతో పాటు మనసు కుదుటపడడం ఉంది. కుదురు అంటే కుండ దొర్లకుండా కింద పెట్టే చుట్ట కూడా, మనిషికి ఉండవలసిన గుణం కూడా. శస్త్రచికిత్స తర్వాత ఇంటికి చేరిన మనిషి గురించి ‘ఇప్పుడు నిమ్మళంగా ఉన్నాడు’ అని రాస్తే ఆ ఒక్క మాటలో ‘నిలకడ’ ఇవ్వలేని ఊరట ఉంటుంది. ఇవి మాండలికమని పక్కన పెట్టి, బదులుగా ‘పెండింగ్’, ‘బ్రేక్’, ‘హోల్డ్’ అన్న మాటలతో పుటలు నింపడం నాకు సమ్మతంగా లేదు.

మీకు నా విన్నపం ఇది. ఆగిన ప్రతి ప్రజా పని గురించిన వార్తలో ఏ తేదీన ఆగింది, ఎవరి ఉత్తర్వుతో లేదా ఏ కారణంతో ఆగింది, మొదలు కావడానికి ఏది జరగాలి అన్న మూడు వివరాలు మొదటి రెండు పేరాల్లోనే ఉండేలా మీ ఉపసంపాదకులకు సూచించండి. కోర్టు వార్తల్లో నిలుపుదల, యథాతథ స్థితి, వాయిదా, కొట్టివేత అన్న నాలుగు మాటలకు ఒక చిన్న వివరణ పెట్టెను నెలకొకసారి అయినా ప్రచురించండి. ఆసుపత్రి ప్రకటనను అనువదించేటప్పుడు ‘నిలకడ’ అంటే ఏమిటో ఆ వైద్యులనే అడిగి ఒక వాక్యం చేర్చండి. మీరు కోరితే పత్రిక కార్యాలయానికి వచ్చి ఈ మాటల పట్టికను మీ యువ విలేకరులతో కూర్చుని తయారు చేయడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

భవదీయుడు,
విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు,
నల్లకుంట, హైదరాబాద్